గడప మీద నిలబడొద్దు

మా రంగంలో అందానికి ఒక కొలత ఉంది. నిటారుగా లేచి, నిటారుగా దిగే గీత. డీపీపీసీ అనే లిపిడ్‌ను నీళ్లలో కలిపి, వేడిని కొలిచే కెలోరిమీటర్‌లో పెట్టి, మెల్లగా వేడి చేస్తూ కూర్చుంటే తెర మీద చాలాసేపు ఏమీ జరగదు. 35 డిగ్రీల దగ్గర గీత చిన్నగా ఉబ్బి మళ్లీ సర్దుకుంటుంది. ఆ తర్వాత 41 దాటుతుండగా ఒక్కసారిగా పైకి లేచి, ఒక డిగ్రీ తిరక్కముందే కిందికి దిగిపోతుంది. దాన్ని మేం పీక్ అంటాం. అది ఎంత సన్నగా వస్తే శాంపిల్ అంత శుద్ధంగా ఉన్నట్టు, చేసినవాళ్లు అంత శ్రద్ధగా చేసినట్టు. సెమినార్‌లో ఆ బొమ్మ వెయ్యగానే ముందు వరసలో కూర్చున్న పెద్దలు తల పంకిస్తారు.

ఆ పీక్ అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. అయితే ఏళ్లు గడిచేకొద్దీ దాని గురించి ఒక అభిప్రాయం గట్టిపడింది. ప్రయోగశాలలో మేం దేన్ని సాధించాలని తాపత్రయపడతామో, దాని బారిన పడకుండా ఉండటానికే జీవకణం తన తెలివంతా ఖర్చు పెడుతుంది.

లిపిడ్ అన్న మాట ఇప్పుడు తెలుగు ఇళ్లలో కొత్తది కాదు. నలభై దాటిన వాళ్ల ఫైల్లో ఎక్కడో ఒక లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు ఉంటుంది. అందులో ఉండేది రక్తంలో తిరిగే కొవ్వుల లెక్క. నేను చెబుతున్నది కణం చుట్టూ పొరగా ఏర్పడే ఫాస్ఫోలిపిడ్ల సంగతి. ఒక్కో అణువుకు నీళ్లంటే ఇష్టపడే తల ఒకటి, నీళ్లంటే పడని తోకలు రెండు. నీళ్లలో వేస్తే ఎవరూ చెప్పకుండానే తలలు బయటికీ తోకలు లోపలికీ పెట్టుకుని రెండు వరసలుగా అమరిపోతాయి. ఆ పొర మందం సుమారు 4 నానోమీటర్లు. కణంలోపల ఉన్నదానికీ బయట ఉన్నదానికీ మధ్య సరిహద్దు అంతే.

రెండు వరసలన్న సంగతి మొదట పట్టుకున్నవాళ్లు నెదర్లాండ్స్‌కు చెందిన గోర్టర్, గ్రెండెల్. 1925లో వాళ్లు ఎర్ర రక్తకణాల లిపిడ్‌ను ఎసిటోన్‌తో బయటికి తీసి, నీటి మీద ఒక్క వరసగా పరిచి చూశారు. కణాల వైశాల్యానికి రెట్టింపు చోటు ఆక్రమించింది. అంటే కణం మీద ఉన్నది రెండు వరసలు. తర్వాత తేలిందేమిటంటే వాళ్లు లిపిడ్ మొత్తాన్నీ బయటికి తీయలేకపోయారు, కణం వైశాల్యాన్ని కూడా తక్కువగా లెక్కగట్టారు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరైన జవాబు మిగిలింది. ఇలాంటి అదృష్టం అందరికీ పట్టదు.

ఇక 41 డిగ్రీల దగ్గర జరిగేదేమిటో చెప్పాలి. డీపీపీసీ తోకలు రెండింటిలోనూ 16 కార్బన్లు. చల్లగా ఉన్నప్పుడు ఆ తోకలు తిన్నగా సాగి, కాస్త ఒక పక్కకు ఒరిగి, ఒత్తుగా సర్దుకుని ఉంటాయి. ఇది జెల్ దశ. 35 దాటాక పొర అలలు అలలుగా ముడతలు పడుతుంది. ఆ ముడతల్లో అణువుల అమరిక ఎలా ఉంటుందన్న దాని మీద దశాబ్దాల తరబడి వాదన నడిచింది. 41 దాటగానే తోకలు మెలికలు తిరగడం మొదలెడతాయి. ఒక్కో అణువుకు కావలసిన చోటు దాదాపు 48 చదరపు ఆంగ్‌స్ట్రాముల నుంచి 63 దాకా పెరుగుతుంది. పొర పక్కలకు విస్తరించి, ఆ మేరకు పలచబడుతుంది. అప్పటిదాకా కదలకుండా ఉన్న అణువులు పక్కవాటితో చోట్లు మార్చుకుంటూ పొరలోనే తిరగడం మొదలుపెడతాయి.

ఇంత జరిగినా పొర పొరగానే ఉంటుంది. చిరిగిపోదు, నీళ్లలో కలిసిపోదు. మంచుగడ్డ కరిగితే దాని ఆకారమే ఉండదు. ఇక్కడ కరిగేది తోకల మధ్య ఉన్న క్రమం ఒక్కటే. అందుకే అయ్యే ఖర్చు కూడా తక్కువ. గ్రాము మంచు కరగడానికి 334 జౌళ్ల వేడి కావాలి. గ్రాము డీపీపీసీకి 50 జౌళ్లు సరిపోతాయి. ఎప్పుడూ నీళ్లూ మంచూ పాఠంతోనే దశామార్పు నేర్చుకున్న విద్యార్థికి ఈ సగం కరగడం అంత తేలిగ్గా మింగుడు పడదు.

పని మాత్రం చాలా నిదానమైనది. తెల్లటి పొడిని క్లోరోఫాంలో కరిగించి, గుండ్రటి ఫ్లాస్క్‌లో పోసి, నైట్రోజన్ ఊదుతూ ఆరబెడితే గాజు లోపలి గోడకు కనీకనపడని పూత అంటుకుంటుంది. క్లోరోఫాం జాడ కూడా మిగలకుండా దాన్ని వ్యాక్యూమ్‌లో ఉంచాలి. ఆ తర్వాత బఫర్ పోసి ఊపాలి. బఫర్ వేడి 41కి బాగా పైన ఉంటేనే లిపిడ్ సరిగ్గా నాని గాజును వదులుతుంది. ఫ్లాస్క్ అంతా పాలరంగుకు తిరుగుతుంది. దాన్ని కెలోరిమీటర్ గిన్నెలోకి ఎక్కించి, పక్క గిన్నెలో ఉత్త బఫర్ పోసి, గంటకు 20 డిగ్రీల చొప్పున వేడి పెంచుకుంటూ పోవాలి. రెండు గిన్నెలనూ ఒకే వేడి మీద ఉంచడానికి పరికరం ఎంత తేడాగా కరెంటు ఇవ్వాల్సి వచ్చిందో అదే గీతగా పడుతుంది. నేను రాత్రిపూట స్కాన్‌లు పెట్టుకునేదాన్ని. వేరేవాళ్ల రాకపోకలుండవు, కరెంటులో ఒడిదుడుకులు తక్కువ, గదిలో చల్లదనం నిలకడగా ఉంటుంది.

హైదరాబాద్ వాతావరణానికి ఈ రంగంలో ఒక పాత్ర ఉంది. 14 కార్బన్ల తోకలున్న డీఎంపీసీ 24 డిగ్రీలకే కరుగుతుంది. ఎండాకాలం బల్ల మీద పెడితే అది స్కాన్ మొదలుపెట్టకముందే కరిగి కూర్చుంటుంది. ముందు దాన్ని చల్లబరిచి, గట్టిపరిచి, అప్పుడు కరిగించి చూసుకోవాలి. తోకకు రెండు కార్బన్లు కలిపితే కరిగే చోటు 41 అవుతుంది. ఇంకో రెండు కలిపి 18 చేస్తే 55. అదే 18 కార్బన్ల తోకల నడుమ ఒక్కో డబుల్ బాండ్ పెట్టండి. తోక అక్కడ వంగుతుంది, పక్కదానితో ఒత్తుగా సర్దుకోలేదు, కరిగే చోటు సున్నాకు దాదాపు 20 డిగ్రీల దిగువకు పడిపోతుంది. ఒక్క వంపుకు 70 డిగ్రీలకు పైగా తేడా. రసాయనశాస్త్రంలో ఇంత చిన్న మార్పుకు ఇంత పెద్ద ఫలితం ఇచ్చే సందర్భాలు నేను చాలా తక్కువ చూశాను.

తర్వాత కొలెస్ట్రాల్ వంతు. డీపీపీసీకి కొంచెం కొంచెంగా కొలెస్ట్రాల్ కలుపుతూ పోతే 35 దగ్గరి చిన్న ఉబ్బు ముందే మాయమవుతుంది. 41 దగ్గరి పీక్ పొట్టిదవుతుంది, వెడల్పవుతుంది, చదునవుతుంది. కొలెస్ట్రాల్ పాలు మూడో వంతు దాటేసరికి తెర మీద చెప్పుకోదగ్గదేమీ మిగలదు. ఈ సంగతి 1968లోనే డెన్నిస్ చాప్‌మన్ బృందం ప్రచురించింది. అయినా చేతులారా చేసుకుంటే వేరు. అంత ముచ్చటగా వచ్చిన పీక్ స్కాన్ స్కాన్‌కూ అణిగిపోతుంటే నాకు మనసొప్పలేదు. గీతను చూపించి "పీక్ పోయింది సార్" అన్నాను. మా గైడ్ కళ్లజోడు సర్దుకుని చూసి, "కణానికి నీ పీక్‌తో ఏం పనమ్మా?" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు.

ఎర్ర రక్తకణం పొరలో కొలెస్ట్రాల్ అణువులు ఫాస్ఫోలిపిడ్ అణువులతో ఇంచుమించు సమానంగా ఉంటాయి. అంటే మనందరి రక్తంలో తిరిగేది పీక్ అణిగిపోయిన పొరే. గట్టిపడిన తోకల మధ్య దూరితే కొలెస్ట్రాల్ వాటిని విడదీస్తుంది. మెలికలు తిరిగే తోకల మధ్య దూరితే వాటిని తిన్నగా నిలబెడుతుంది. రెండు పక్షాలనూ నడిమధ్యకు లాక్కొస్తుంది. రిపోర్టుల్లో దాని పేరు ఎర్ర అక్షరాల్లో చూసి చూసి మనం దాన్ని శత్రువుల జాబితాలో వేసేశాం. పొరలో అది చేసే చాకిరీని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

పీక్ అంటే కణానికి ఎందుకంత భయం? మా నాయనమ్మ పిల్లల్ని గడప మీద నిలబడనిచ్చేది కాదు. లోపలికన్నా రా, బయటికన్నా పో అనేది. హిరణ్యకశిపుడు లోపలా కాక, బయటా కాక గడప మీదే కదా పోయాడు, అదీ ఆవిడ చెప్పే కారణం. పొర విషయంలోనూ ప్రమాదం ఉన్నది గడప మీదే. లిపిడ్‌ను గుండ్రటి బుడగలుగా చేసి, లోపల సోడియం అయాన్లు బంధించి, వేడి పెంచుతూ ఎంత బయటికి కారుతోందో 1970ల మొదట్లో కొలిచారు. పొర గట్టిగా ఉన్నప్పుడు కారడం తక్కువ. పూర్తిగా కరిగాక ఎక్కువవుతుందని ఎవరైనా అనుకుంటారు. అన్నిటికంటే ఎక్కువ కారింది మాత్రం సరిగ్గా కరిగే చోట. పొరలో కొంత గట్టిగా, కొంత పలుచగా ముక్కలు ముక్కలుగా ఉన్నప్పుడు ఆ ముక్కల అంచులు ఒకదానితో ఒకటి పొసగవు. ఆ సందుల్లోంచి కారిపోతుంది. పైగా ఆ క్షణంలో పొరను నొక్కినా, వంచినా ఎదురుతిరగదు. సరిహద్దుగా ఉండటమే పనిగా పెట్టుకున్నదానికి ఇంతకంటే అధ్వాన్నమైన స్థితి లేదు.

ప్రాణమున్న కణంలో నిజంగా ఇలాంటి మార్పు జరుగుతుందా అన్న అనుమానం 1969 దాకా ఉండేది. ఆ ఏడాది అమెరికాలో స్టైమ్, ఆయన సహచరులు మైకోప్లాస్మా జాతి బ్యాక్టీరియాను కెలోరిమీటర్‌లో పెట్టి వేడి చేశారు. బయట గట్టి గోడ లేని జీవి అది, పైగా ఏ కొవ్వు ఆమ్లం పెడితే దాన్నే పొరలోకి ఎక్కించుకుంటుంది. దానిలోంచి బయటికి తీసిన లిపిడ్ ఏ వేడి దగ్గర కరిగిందో, పొరలో ఉన్న లిపిడ్ కూడా అక్కడే కరిగింది. మేత మారిస్తే కరిగే చోటు మారింది. ఈ ప్రయోగాన్ని విద్యార్థులకు చెప్పేటప్పుడు అందరూ ఇక్కడితో ఆపేస్తారు. నాకు ఆ గీత ఆకారం ముఖ్యం. అది సన్నటి పీక్ కాదు, పదుల డిగ్రీల మేర పరుచుకున్న మెట్ట. అంత వెడల్పు వల్లే ఆ బ్యాక్టీరియా పొరలో సగం దాకా గట్టిపడినా పెరుగుతూనే ఉంటుందని తర్వాతి వాళ్లు చూపించారు. శుద్ధమైన ఒకే లిపిడ్‌తో కట్టుకుని ఉంటే ఒక్క డిగ్రీ తేడాకు దాని కథ ముగిసేది.

వేడి, చలి కణం చేతిలో ఉండవు. కరిగే చోటు మాత్రం దాని చేతిలో ఉంటుంది. ఈ.కోలై బ్యాక్టీరియాను చలిలో పెంచితే వంపు తిరిగిన తోకల పాలు పెంచుకుంటుంది, వేడిలో తిన్నటి తోకల పాలు పెంచుకుంటుంది. ఏ ఉష్ణోగ్రతలో పెరిగినా, ఆ ఉష్ణోగ్రత దగ్గర పొర పలుచదనం ఇంచుమించు ఒకేలా ఉంటుందని 1974లో సినెన్‌స్కీ కొలిచి చూపించాడు. దీనికి ఈ.కోలై పెద్ద ఏర్పాట్లేమీ చేసుకోలేదు. తోకల తయారీలో పాల్గొనే ఒక ఎంజైమ్ చలిలో ఎక్కువ చురుగ్గా ఉంటుంది, అంతే. బాసిల్లస్ సబ్‌టిలిస్‌ది ఇంకా తమాషా. దాని పొరలో డెస్‌కే అనే ప్రోటీన్ ఉంటుంది. చలికి పొర గట్టిపడి మందమైతే ఆ తేడాను పసిగట్టి, తోకల్లో డబుల్ బాండ్లు పెట్టే ఎంజైమ్‌ను పుట్టించమని కబురంపుతుంది. అర్జెంటీనాలోని రొసారియో నగరం వాళ్లు దీన్ని విప్పి చెప్పారు. థర్మామీటర్‌లో పాదరసం పొడవు చూస్తాం, ఈ జీవి పొర మందం చూసుకుంటోంది.

హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అంటార్కిటికా బ్యాక్టీరియా మీద చేసిన పని ఇక్కడ తలచుకోకుండా ఉండలేను. గడ్డకట్టే చలిలో బతికేవి కాబట్టి పొరను పలుచన చేసుకునే ఏర్పాట్లు వాటికి ఉంటాయని అనుకుంటాం, ఉన్నాయి కూడా. వాటితోపాటు ఆ బ్యాక్టీరియాకు రంగునిచ్చే కెరోటినాయిడ్లను వీళ్లు వేరుచేసి, కృత్రిమ పొరల్లో కలిపి చూశారు. అవి పొరను గట్టిపరిచాయి. పలుచన చేసేదీ గట్టిపరిచేదీ రెండూ ఒకే ఇంట్లో! మొదటిసారి చదివినప్పుడు ఏదో పొరపాటనుకున్నాను. ఆలోచిస్తే అంతకంటే సబబైనది లేదు. ఒక్క దిక్కుకే లాగే ఏర్పాటుంటే రేపు కాస్త ఎండ కాసినా చిక్కే.

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి కణం గడపకు ఆమడ దూరంలో ఉంటుందనిపిస్తుంది. అలా లేదు. సారా వీచ్, ఆమె సహచరులు 2008లో క్షీరద కణాల పొర నుంచి ఉబ్బి విడివడిన బుడగల్ని పట్టి చల్లబరిస్తే, మామూలు గది వేడి దగ్గరే అవి రెండు రకాల ద్రవాలుగా విడిపోయాయి. ఇదీ ఒక గడపే, ఒంటి వేడి 37 నుంచి పెద్ద దూరమేమీ కాదు. 2017లో జీబ్రాచేప కణాలను రకరకాల ఉష్ణోగ్రతల్లో పెంచితే, ఆ విడిపోయే చోటు కూడా వెనకాలే కదిలి, ఎప్పుడూ దాదాపు అంతే దూరాన నిలిచింది. ఎందుకలా దగ్గర్లోనే ఉంటుందో వాదనలున్నాయి. ప్రోటీన్లను జట్లుగా చేర్చడానికి, విడగొట్టడానికి అక్కడ ఉంటే తక్కువ ఖర్చవుతుందన్నది నాకు సబబుగా తోచే మాట. కోపెన్‌హాగన్‌కు చెందిన హైంబుర్గ్, జాక్సన్ 2005లో ఇంకా ముందుకెళ్లి నరాల్లో సంకేతమే కరిగే చోటు దగ్గర పొరలో పరిగెత్తే అల అన్నారు. చదవడానికి గొప్పగా ఉంటుంది. నరశాస్త్రం వాళ్లలో ఎక్కువమంది ఒప్పుకోలేదు, నాకూ నమ్మకం కుదరలేదు.

కణం తప్పించుకునేదాన్ని మందుల వాళ్లు వాడుకోవాలని చూశారు. కరిగే చోటే ఎక్కువ కారుతుంది కదా, అయితే మందును డీపీపీసీ బుడగల్లో నింపి, కణితి ఉన్నచోట మాత్రం 41, 42 డిగ్రీలకు వేడి చేస్తే మందు అక్కడే కారిపోదా? 1978లో యాట్విన్ బృందం ఈ ఆలోచనను ప్రచురించింది. దాని మీద కట్టినదే థర్మోడాక్స్ అనే మందు. వేడి తగలగానే కొద్ది సెకన్లలో మందు విడుదలవుతుంది, ప్రయోగశాలలో అంత పనితనం. కాలేయ క్యాన్సర్ రోగుల మీద చేసిన పెద్ద ట్రయల్ 2013లో అనుకున్న ఫలితం ఇవ్వలేదు. రెండో ప్రయత్నం కూడా ఫలించలేదు. భౌతికశాస్త్రం తప్పలేదు. మనిషి కాలేయంలో వేడి ఒక్క తీరుగా పరుచుకోదు, రక్తం దాన్ని మోసుకుపోతూనే ఉంటుంది.

2021 వేసవిలో బ్లాక్ ఫంగస్‌కు లైపోసోమల్, అంటే లిపిడ్ బుడగల్లో నింపిన, ఆంఫోటెరిసిన్ కోసం మన కుటుంబాలు ఊరూరా తిరిగాయి. ఆ బుడగల తయారీ థర్మోడాక్స్‌కు పూర్తిగా తలకిందులు. సోయా లిపిడ్‌కు హైడ్రోజన్ ఎక్కించి, అంటే వనస్పతికి చేసే పనే చేసి, తోకల వంపులు తీసేస్తారు. పైన కొలెస్ట్రాల్ కలుపుతారు. ఒంటి వేడికి కరగకూడదు, కారకూడదు, అదీ దాని పని. ఆ మందు ఎంతోమందికి పనికొచ్చింది.

ప్రయోగశాల మెచ్చే శుద్ధత ప్రాణానికి పనికిరాదన్న వాదనకు నా దగ్గర ఉన్న బలమైన సాక్ష్యం ఊపిరితిత్తులు. గాలి గదుల లోపలి తడి మీద లిపిడ్ పూత ఉంటుంది. దాన్ని సర్ఫక్టెంట్ అంటారు, అందులో అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ఈ డీపీపీసీయే. ఊపిరి వదిలినప్పుడు గదులు ముడుచుకుపోయి అతుక్కోకుండా ఆపేది ఆ పూత. ఒంటి వేడి 37, డీపీపీసీ కరిగేది 41. అంటే ఊపిరి వదిలి పూతను నొక్కిన ప్రతిసారీ అది గట్టిగా నిలబడుతుంది, లొంగదు. ఇక్కడ మాత్రం పనికొచ్చేది దాని గట్టిదనమే. 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ నెలలు నిండకుండా పుట్టి ఊపిరాడక చనిపోయే పిల్లల్లో ఈ సర్ఫక్టెంట్ లోపించిందని తేల్చారు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు ప్యాట్రిక్ అదే జబ్బుతో రెండు రోజులు తిరక్కుండానే పోయాడు.

ముఖ్యమైన పదార్థమేదో తెలిసింది, సీసాలో దొరుకుతుంది. 1960లలో వైద్యులు శుద్ధమైన డీపీపీసీని తుంపరలుగా చేసి పసిపిల్లలకు ఇచ్చి చూశారు. పనిచేయలేదు. 37 దగ్గర అంత గట్టిగా ఉండేది నీటి మీద చప్పున పరుచుకోదు, పుట్టిన బిడ్డకు అంత వ్యవధి ఉండదు. పరుచుకోవాలంటే వంపు తోకల లిపిడ్లు కావాలి, వాటిని అటూ ఇటూ చేర్చే చిన్న ప్రోటీన్లు కావాలి. 1980లో జపాన్‌లో ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫక్టెంట్‌కు మరికొంత లిపిడ్ చేర్చి 10 మంది పిల్లలకు ఇచ్చాడు. అప్పటి నుంచి ఈ జబ్బుకు వైద్యం మారిపోయింది.

కెలోరిమీటర్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి మేం ఇప్పటికీ ముందుగా శుద్ధమైన డీపీపీసీనే వేస్తాం. నెలలు నిండని బిడ్డ శ్వాసనాళంలో డాక్టర్లు పోసేది మాత్రం ఎక్కువగా ఆవు ఊపిరితిత్తుల నుంచో, పంది ఊపిరితిత్తుల నుంచో తీసిన మిశ్రమమే.